రాయి, తోలు, అరచేయి

మాకవరపాలెం చుట్టూ రాయికి కరువు లేదు. అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నం పక్కన, తూర్పు కనుమల అంచున ఉన్న మండలం ఇది. ఈ కనుమల గుట్టల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ కొండల్లో బతికే ఖోండుల పేరునే దానికి పెట్టాడు. పగలగొట్టి చూస్తే లోపల ఎర్రెర్రని గింజలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. భీమిలి తీరపు ఇసుకలో కనిపించే ఎరుపు కూడా చాలావరకు వాటిదే. ఉక్కును అరగదీయగల గట్టిదనం ఆ గింజలకుంది. కొడవలి, గొడ్డలి, కత్తిపీట ఏ గట్టు మీది బండకు రాసినా మళ్లీ కోతకు వస్తాయి. గడ్డం గీసే కత్తి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ కొండలన్నీ చేతులెత్తేశాయి.

కారణం గింజ పరిమాణం. ఖోండలైట్‌లో గార్నెట్ కంటికి కనిపించేంత లావుగా ఉంటుంది. అంత లావు గింజ కత్తి వాదర మీద గీతలు పెడుతుంది, ఒక్కో గీత చివర ఒక పన్ను లేస్తుంది. కొడవలికి ఆ పన్ను లాభమే, గడ్డిని పట్టి కోస్తుంది. చెంప మీద నడిచే కత్తికి అదే పన్ను నెత్తురు చూపిస్తుంది. చిత్రమేమిటంటే, ప్రపంచంలో క్షురకులు నెత్తిన పెట్టుకున్న రాళ్లలో ఒకటి అచ్చంగా గార్నెట్‌తో పనిచేసేదే. బెల్జియంలోని వియెల్సామ్ చుట్టుపక్కల గనుల్లో దొరికే లేత పసుపు రాయి అది, పేరు కోటిక్యూల్. అందులోనూ ఇదే జాతి ఖనిజం. కాకపోతే గింజలు మైక్రాన్ల లెక్కలో, మెత్తటి రాతిపిండిలో కూరినట్టు ఉంటాయి. ఒక్కో గింజ కోసే లోతు అత్యల్పం. అందుకే ఆ రాయి యూరప్ దాటి అమెరికా క్షురకుల బల్లల మీదికి కూడా వెళ్లింది. అమెరికాలో ఆర్కన్సా కొండల రాయి, జర్మనీలో తురింగియా పలకరాయి, జపాన్‌లో క్యోటో దగ్గరి నకాయమా గని రాయి, ఇలా ఏ దేశానికి ఆ దేశం ఒక మెత్తని రాయిని వెతుక్కుంది. అన్నిటికీ ఉన్న ఉమ్మడి లక్షణం ఒక్కటే: వేలితో రాస్తే గరుకు తెలియకూడదు, ఉక్కును రాస్తే నీళ్లు నల్లబడాలి.

మన దేశంలో ఈ రాయి గురించి పాత గ్రంథంలో స్పష్టమైన మాట ఉంది. అది క్షురకుల గ్రంథం కాదు, శస్త్రవైద్యులది. సుశ్రుత సంహిత సూత్రస్థానం ఎనిమిదో అధ్యాయం శస్త్రాల గురించి చెబుతూ, వాటిని నూరే రాయి నున్నగా, మినుముల రంగులో ఉండాలంటుంది. నూరాక వాదరను నిలబెట్టడానికి బూరుగు చెక్క వాడమంటుంది. వాదర మందాన్ని కూడా ఆ అధ్యాయం పనిని బట్టి విడగొట్టింది. చీల్చే శస్త్రానికి మసూరపప్పు గింజంత, గీకేదానికి అందులో సగం, గుచ్చేదానికి వెంట్రుకంత, కోసేదానికి అర వెంట్రుక. బాగా నూరిన శస్త్రానికి పరీక్ష వెంట్రుకను తెగ్గొట్టడమే. మైక్రోస్కోపు లేని రోజుల్లో అర వెంట్రుక అనే కొలత పెట్టుకోవడం మామూలు సాహసం కాదు. నల్లని మెత్తని రాయి, ఆ తర్వాత రాతికంటే మెత్తనిది మరొకటి, చివరికి వెంట్రుక మీద పరీక్ష. పల్లెటూరి క్షురకుడి పొదిలో మొన్నమొన్నటిదాకా సాగిన వరస కూడా ఇదే. చెక్క స్థానంలోకి తోలు వచ్చింది, అంతే తేడా.

పొదిలో ఏముండేది? మడతకత్తి, కత్తెర, దువ్వెన, గోళ్లు తీసే సాధనం, చేతిలో ఇమిడే అద్దం, నీళ్ల గిన్నె, ఒక చిన్న నూరుడు రాయి, తోలు పట్టీ. వీటన్నిటిలో చూసేవాళ్లు పట్టించుకోనిది రాయి. పనిచేసేవాడు పోగొట్టుకోలేనిదీ రాయే.

నూరడం చూడటానికి తేలిక. రాయి మీద నీళ్లో నూనో చుక్కలు వేసి, కత్తిని పూర్తిగా పరిచి పడుకోబెడతారు. అంటే వాదరా, వెన్నూ రెండూ ఒకేసారి రాతిని తాకాలి. ఈ ఒక్క నియమంలోనే క్షౌరకత్తి మిగతా కత్తులన్నిటికంటే వేరు. వంటింటి కత్తిని ఏ కోణంలో నూరాలో చెయ్యి నిర్ణయించుకుంటుంది. క్షౌరకత్తికి కోణాన్ని దాని వెన్ను మందమే నిర్ణయిస్తుంది. సుమారు 16, 17 డిగ్రీలు. కత్తి అరిగే కొద్దీ వెన్ను కూడా అరుగుతుంది కాబట్టి ఆ కోణం ఏళ్ల తరబడి పెద్దగా మారదు. ఈ లెక్క ఎవరు మొదట పట్టుకున్నారో గానీ, కొలబద్ద అవసరం లేకుండా కోణాన్ని కత్తిలోనే దాచిపెట్టిన గడుసుదనం అది.

కత్తి వాదర ముందుకు నడవాలి, రాతి మీది పొరను చెక్కుతున్నట్టు. చివరికి రాగానే వెన్ను మీద దొర్లించి తిప్పి, రెండో వైపును వెనక్కి తేవాలి. వాదర మీద దొర్లిస్తే అప్పటిదాకా చేసినదంతా పోతుంది. కత్తి పొడవు కంటే రాయి వెడల్పు తక్కువ, అందుకని మడమ నుంచి మొన దాకా అంతా రాతికి తగిలేలా చేతిని ఏటవాలుగా లాగాలి. బరువు వేయకూడదు. కొత్తగా నేర్చుకునే కుర్రాడు ఎక్కువగా చేసే తప్పు అదే, గట్టిగా రుద్దితే తొందరగా తేలుతుందనుకుంటాడు. నిజానికి వాదర దగ్గర లోహం అంత పలచనైనప్పుడు బరువుకు అది వంగుతుంది, పక్కకు ఒక పొరలా లేస్తుంది. ఆ పొర గోటికి తగులుతుంది. దాన్ని తేలిక చేత్తో దించడమే సగం పనితనం.

రాయీ ఊరికే ఉండదు. రోజూ నడుమనే రుద్దితే నడుమ గుంట పడుతుంది, గుంట రాయి మీద నూరిన కత్తి వాదర వంపు తిరుగుతుంది. అప్పుడు రాయిని మరో చదునైన బండ మీద ఇసుకా నీళ్లూ వేసి రుద్ది సమం చేయాలి. కత్తిని నూరే రాయిని నూరడం అన్నమాట. ఈ పని తెలియని క్షురకుడు ఎంత మంచి కత్తి కొన్నా వృథా.

తర్వాత తోలు. రాతి మీద వాదర ముందు నడిస్తే, తోలు మీద వెన్ను ముందు నడుస్తుంది. తోలు ఉక్కును కోయదు. వంగిన అంచును నిటారుగా లాగుతుంది, రాయి వదిలిన సన్నగీతలను నునుపు చేస్తుంది. పట్టీ దగ్గర లేనప్పుడు అరచేయి ఉంది. నాలుగైదు సార్లు అరచేతి కండ మీద అటూ ఇటూ లాగి గడ్డానికి ఆనించేవారు. పక్కన కూర్చున్న పిల్లలకు ఆ దృశ్యం భయం పుట్టించేది, చెయ్యి తెగలేదేమిటా అని. వెన్ను ముందు నడుస్తున్నంతసేపూ తెగదు. ముంజేతి మీద వెంట్రుక తెగిందో లేదో చూసుకుని, అప్పుడు పని మొదలు. రాతి మీద కత్తి ఎప్పుడో ఒకసారి ఎక్కుతుంది. తోలు మీద, అరచేతి మీద ప్రతి గడ్డానికీ ముందు ఎక్కాల్సిందే.

వీధుల్లో తిరిగి సాన పట్టేవాళ్లకు క్షురకులు కత్తెర ఇస్తారు. కత్తిని ఇవ్వడానికి మనసొప్పదు. అందులో అహంకారం ఏమీ లేదు, ఉక్కు స్వభావమే కారణం. కురువిందం పొడిని లక్కతో కలిపి చేసిన సానచక్రాలు మన దేశంలో తరతరాలుగా ఉన్నాయి. రత్నాలకు, కత్తులకు, కత్తెర్లకు అవే. తెలుగు నేలలో అనంతపురం జిల్లా కురువిందానికి పేరుపడ్డ చోటు. కానీ తిరిగే చక్రం ఉక్కును వేడెక్కిస్తుంది. క్షౌరకత్తిని కమ్మరి ఎర్రగా కాల్చి ముంచాక, మళ్లీ లేత గడ్డిరంగు తేలేదాకా, అంటే సుమారు 230 డిగ్రీలదాకా మాత్రమే వేడిచేసి ఆపుతాడు. ఆ వేడిని దాటి వాదర నీలిరంగుకు తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే. పలచని అంచు చక్రం మీద క్షణంలో ఆ గీత దాటేస్తుంది. చేత్తో, నీళ్లతో, నిదానంగా నూరడం తప్ప దారి లేదు.

ఇంత పనికి ఊరు ఏమిచ్చేది? జవాబు కొంచెం చేదుగా ఉంటుంది. పల్లెల్లో కూలి రోజుకో, గడ్డానికో లెక్క కాదు. ఏడాది పొడవునా ఇంటింటికీ వెళ్లి పనిచేస్తే, నూర్పుళ్లప్పుడు కళ్లంలో మేరగా ధాన్యం కొలిచేవారు. కొన్ని ఊళ్లలో పనికి బదులుగా ఇనాం భూమి, మాన్యం ఉండేది. 1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టంతో ఆ పద్ధతికి చట్టం దృష్టిలో తెరపడింది. మేర కొలిచే రైతుకు గుర్తుండేది గడ్డం గీయించుకున్న సంగతి, పెళ్లికొడుకుకు గోళ్లు తీసిన సంగతి, పుట్టువెంట్రుకలు, పదోరోజు క్షౌరం. ఇంటి దగ్గర కూర్చుని రాయి మీద గడిపిన పొద్దులు ఏ లెక్కలోకీ వచ్చేవి కావు. ఈ వృత్తి చరిత్ర రాసినవాళ్లు కూడా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1909లో వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారిల ఏడు సంపుటాల కులాల గ్రంథంలో తెలుగు క్షురకుల గురించి ప్రత్యేక వ్యాసం ఉంది. వాళ్లు వాద్యకారులనీ, ఆడవాళ్లు మంత్రసానులనీ అందులో ఉంది. ఇవి నిజాలే. సన్నాయి, పురుడు, పుండుకోత, క్షౌరం ఒకే ఇంట్లో ఉండేవి. ధన్వంతరిని తమవాడుగా ఈ వృత్తివారైన నాయీబ్రాహ్మణులు కొలవడం వెనక ఆ వైద్యమే ఉంది. పుండు కోసే కత్తికైనా, గడ్డం గీసే కత్తికైనా నూరే విద్య ఒక్కటేనన్నది మాత్రం చూసేవాళ్ల కళ్లకు ఆనలేదు.

మరో చేదు కూడా దాచకూడదు. ఊరి కత్తి ఊరందరి మీదా నడిచేది కాదు. దళితుల గడ్డం గీయకూడదని పెత్తందార్లు విధించిన కట్టుబాటు ఎన్నో ఊళ్లలో సాగింది. కులం చెప్పి సేవ నిరాకరించడాన్ని నేరం చేసింది 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం. కట్టుబాటు పెట్టినవాళ్లు వేరు, దాని కింద నలిగినవాళ్లు వేరు, నిరాకరణ మాట నోటితో చెప్పాల్సి వచ్చిన క్షురకుడు వేరు. ఈ మూడోవాడి స్థితి కూడా గొప్పదేమీ కాదు. కత్తి అతనిదే గానీ అది ఎవరి మీద నడవాలో తేల్చేది ఇంకొకరు.

ఈ వృత్తికి దక్కిన అరుదైన రాజగౌరవం ఒకటుంది. 16వ శతాబ్దం నడుమ విజయనగరంలో సదాశివరాయలు పేరుకు రాజు, అధికారం అళియ రామరాయలది. రామరాయలకు క్షౌరం చేసిన కొండోజు బాదామి వాడు. అతని పనికి మెచ్చిన రామరాయలు, ఏం కావాలో కోరుకొమ్మంటే, తన ఒక్కడికీ కాకుండా క్షురకులందరికీ పన్నులూ వెట్టీ తీసేయించాడు కొండోజు. 1540ల నాటి శాసనాలు ఈ మినహాయింపును రాతి మీద చెక్కించి పెట్టాయి. పాలకుడి గొంతు మీద కత్తి పెట్టగలిగే అధికారం దేశంలో ఒక్కడికే ఉంటుంది. ఆ దగ్గరితనంలో ఎన్ని మాటలు నడిచాయో శాసనం చెప్పదు గానీ, అప్పటి పన్నుల భారం ఎంతటిదో మాత్రం ఆ కోరికే చెబుతోంది.

రాతి సంగతి ఇలా ఉంటే, ఉక్కు సంగతి ఇంకో దారి పట్టింది. తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో కరిగించిన ఉక్కుకు ప్రసిద్ధి. పర్షియా వర్తకులు అంతదూరం వచ్చి అక్కడే మకాం వేసి ఉక్కు కొనేవారు. 1820ల్లో హెన్రీ వాయ్‌సీ ఆ తయారీని కళ్లారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. అంతకు ముందే, 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు ఈ జాతి ఉక్కు ముద్దలను లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. మరుసటి ఏడాదే జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీ ముందు దాని మీద పత్రం చదివాడు. అక్కడివాళ్లు దానికి పెట్టుకున్న పేరు ఊట్జ్. మాకవరపాలెం నుంచి నైరుతిగా పోతే వచ్చే సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి తోట బాధ్యత చూసిన బెంజమిన్ హేన్ నూజివీడు ప్రాంతపు ఇనుప కొలుముల గురించి రాశాడు. 1814లో లండన్‌లో వచ్చిన అతని పుస్తకంలో ఊట్జ్ మీద జేమ్స్ స్టోడార్ట్ అభిప్రాయానికి కూడా చోటు దొరికింది.

ఎవరీ స్టోడార్ట్? లండన్ స్ట్రాండ్ వీధిలో 401 నంబరు దుకాణంలో శస్త్రవైద్య పరికరాలు, క్షౌరకత్తులు చేసి అమ్మిన పనివాడు. తన వ్యాపార కార్డు మీదే, ఇండియా నుంచి వచ్చిన ఊట్జ్‌తో చేసిన కత్తులు తన దగ్గర దొరుకుతాయనీ, ఏళ్ల తరబడి పోల్చి చూశాక యూరప్ ఉక్కులో మేలైనదాని కంటే ఇదే తనకు నచ్చిందనీ వేసుకున్నాడు. ఆ స్టోడార్ట్‌తో కలిసి మైకేల్ ఫారడే 1819 నుంచి ఊట్జ్ గుట్టు విప్పే పనిలో పడ్డాడు. విద్యుత్తుతో పేరు రాకముందు ఫారడే ఉక్కు మీద చేసిన కసరత్తు అది. ఉక్కులో 500వ వంతు వెండి కలిపితే మంచి ఫలితం వచ్చిందని తేల్చారు. ఆ మిశ్రమాలతో చేయించిన క్షౌరకత్తులను ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ తయారీదార్లు వెండి ఉక్కు పేరును కత్తుల మీద ముద్రకొట్టి అమ్ముకున్నారు. మన కొలుముల్లో పుట్టిన ఉక్కు రహస్యం కోసం మొదలైన వెతుకులాట, చివరికి షెఫీల్డ్ కత్తిగా తిరిగి మన రేవుల్లో దిగింది. కమ్మరి చేసిన మందపాటి కత్తి పక్కన షెఫీల్డ్, జర్మనీలోని జోలింగెన్ ముద్రల కత్తులు పొదిలో చేరాయి. ఆ జర్మన్ కత్తుల చెంపలు రెండు వైపులా గుంటగా చెక్కి ఉంటాయి, రాతికి తగిలే లోహం తక్కువ, నూరడం త్వరగా అవుతుంది. స్థానిక కమ్మరికి ఈ పోటీ తట్టుకోవడం కష్టమైంది.

రాయి కూడా కార్ఖానాలోకి వెళ్లింది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ అనే ఆయన మట్టినీ బొగ్గుపొడినీ విద్యుత్ కొలిమిలో కాల్చి, వజ్రానికి దగ్గరగా ఉండే గట్టి పలుకులను తీశాడు. దానికి కార్బొరాండం అని పేరు పెట్టాడు. నాలుగేళ్లలో నయాగరా జలపాతం విద్యుత్తుతో కార్ఖానా నడిచింది. గని దొరికిన దేశం అదృష్టం మీద ఆధారపడ్డ నూరుడు రాయి, ఇక గింజ పరిమాణం ఇంత అని చెప్పి అచ్చుపోయగలిగే సరుకైంది. మన వైపు అది దగ్గరకొచ్చింది 1954లో. మురుగప్ప కుటుంబం అమెరికా, బ్రిటన్ కంపెనీలతో కలిసి మద్రాసులో కార్బొరాండం యూనివర్సల్‌ను పెట్టింది. ఒకవైపు గరుకు, ఒకవైపు మెత్తన ఉండే కార్బొరాండం రాయి ఇనుపసామాన్ల దుకాణంలో అలవాటైన వస్తువైంది. వడ్రంగికి అది వరం. క్షౌరకత్తికి దాని మెత్తని వైపు కూడా కొంచెం గరుకే. గంటు పడ్డ కత్తిని సరిచేయడానికి అది, తుది మెరుగుకు పాత నల్లరాయి. అనుభవం ఉన్నవాళ్లు రెండూ ఉంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

నూరుడు రాయిని నిజంగా దెబ్బతీసింది ఇంకో అమెరికన్ ఆలోచన. నూరాల్సిన అవసరమే లేకుండా చేస్తే? కింగ్ జిలెట్ కంపెనీ 1903లో అమ్మకాలు మొదలుపెట్టినప్పుడు ఆ ఏడాదంతా అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఏడాది తిరిగేసరికి రేజర్లే 90 వేలు దాటాయి. ఇండియాలో బ్లేడు చౌకబడింది స్వాతంత్ర్యం తర్వాతే. భారత్, అశోక్, టోపాజ్ లాంటి మల్హోత్రాల బ్లేడ్లు కిరాణా కొట్లకు చేరాక, ఇంట్లో గడ్డం గీసుకోవడం ఉద్యోగస్తుల నుంచి రైతుల దాకా దిగింది. సెలూన్లు మాత్రం చాన్నాళ్లు కత్తినే పట్టుకున్నాయి. ఎందుకంటే అప్పటికే చేతిలో ఉన్న విద్యకు పెట్టుబడి అక్కర్లేదు. రాయి తాతదే, తోలు పాతదే.

కత్తి ఓడిపోయింది ధరతో కంటే భయంతో. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులను గుర్తించింది. తర్వాతి పదిహేనేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటైంది. ఒకరికి వాడిన కత్తి ఇంకొకరికి వాడొద్దన్న ప్రచారం గోడల మీదికి, రేడియోలోకి వచ్చింది. సెలూన్ కుర్చీలో కూర్చున్నవాడు కొత్త బ్లేడు వేయమని అడగడం మొదలుపెట్టాడు. దానికి తగ్గట్టు ఒక తెలివైన పనిముట్టు దొరికింది. పాత మడతకత్తిలాగే మడిచే పిడి, వెన్ను, పట్టుకునే తీరు. వాదర స్థానంలో ఒక సందు. రెండంచుల బ్లేడును కాగితంలోనే మధ్యకు విరిచి, సగం ముక్కను ఆ సందులో బిగిస్తారు. గడ్డం అయ్యాక తీసి పారేస్తారు. చేతి పని అంతా అలాగే ఉంది, ఒక్క నూరడం మాత్రం బ్లేడు కంపెనీకి బదిలీ అయింది. తిరుమల కల్యాణకట్టలోనూ, సింహాచలం, అన్నవరం కొండల మీదా తలనీలాలు తీసేవాళ్ల చేతుల్లో కనిపించేది ఈ సగం బ్లేడే.

ఆరోగ్యం మాటకొస్తే ఈ మార్పు మంచిదే. పాత కత్తి మీద మమకారంతో దాన్ని కాదనేవాళ్లు హెపటైటిస్-బి వార్డు చూసి రావాలి. కానీ పోయిన విద్య ఎంత లోతైనదో ఈ మధ్యే శాస్త్రం ఇంకోసారి గుర్తుచేసింది. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన. మరి అంత మెత్తనిది అంత గట్టిదాన్ని ఎలా మొద్దుబారుస్తుంది? అమెరికాలోని ఎంఐటీలో జాన్‌లూకా రోషోలీ, సెమ్ తాసన్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వెంట్రుకలను కోయించి చూసి, 2020 ఆగస్టులో సైన్స్ పత్రికలో జవాబు చెప్పింది. వాదర అరిగిపోవడం లేదు, చిన్నచిన్న పెచ్చులుగా ఊడుతోంది. వెంట్రుక వంగి, వాదరకు ఏటవాలుగా తగిలి, ఆ చోట ఉక్కు లోపలి అమరిక సమంగా లేకపోతే పెచ్చు లేస్తుంది. గడ్డం గీసేముందు క్షురకుడు నీళ్లు అద్ది వేళ్లతో అంతసేపు ఎందుకు మర్దనా చేసేవాడో ఇక్కడ తెలుస్తుంది. నానిన వెంట్రుక బాగా నీరు పీల్చి మెత్తబడుతుంది, వాదర మీద దాని పెత్తనం తగ్గుతుంది. సబ్బు నురగ లేని పల్లెలో కూడా ఆ నీళ్ల తడుపు తప్పేది కాదు. కత్తిని కాపాడుకోవడం రాతి మీద కంటే ముందు చెంప మీదే మొదలయ్యేది.

ఈ చరిత్రకు మాకవరపాలెం మండలంలోనే ఒక వింత అధ్యాయం ఉంది. రాచపల్లి దగ్గర అన్‌రాక్ అల్యూమినా శుద్ధి కర్మాగారం లేచింది. 2007లో రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం నుంచి పుట్టినది అది, పెన్నా సంస్థ భాగస్వామి. చింతపల్లి వైపు జెర్రెల కొండల బాక్సైట్ దీనికి రావాలి. ఆదివాసుల వ్యతిరేకతతో ఆ తవ్వకం సాగలేదు, కర్మాగారం ఖనిజం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. రాజకీయంగా ఈ కథ అందరికీ తెలిసిందే. తెలియనిది దాని రసాయనం. బాక్సైట్ నుంచి తీసే తెల్లపొడి అల్యూమినా. ప్రకృతిలో అదే పదార్థం గడ్డకట్టి స్ఫటికమైతే కురువిందం, అంటే సానచక్రంలో లక్కతో కలిపిన పొడి. కార్ఖానాలో కరిగించి గడ్డకట్టిస్తే ఇవాళ క్షౌరకత్తులు నూరే కృత్రిమ రాళ్లలో చాలావాటి ప్రాణం. వెయ్యి నంబరు నుంచి పన్నెండు వేల నంబరు దాకా జపాన్ కంపెనీలు అమ్మే తెల్లని రాళ్లలో పనిచేసేది అల్యూమినా గింజలే. ఖోండలైట్‌లోని లావు గార్నెట్‌తో చేతగాని పని, అదే కనుమల బాక్సైట్‌లో దాగిన ఇంకో ఖనిజానికి చేతనవును. ఆ రాయి తయారుచేయాలని ఇక్కడ ఎవరూ అనుకోలేదు, అల్యూమినియం మాత్రమే అనుకున్నారు.

వృత్తి పేరు చుట్టూ కూడా కాలం కదిలింది. కులాన్ని కించపరిచే మాటలతో నాయీబ్రాహ్మణులను పిలవకూడదని 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2020 జూన్‌లో మొదలైన జగనన్న చేదోడు పథకం షాపు ఉన్న నాయీబ్రాహ్మణులకు ఏడాదికి 10,000 రూపాయల సాయం ఇచ్చింది. ఆ పథకంలో గుర్తింపుకు షాపు ఉండాల్సి వచ్చేది. చెట్టు కింద కూర్చునో, ఇంటింటికీ తిరిగో పనిచేసే పాతతరం మనిషి ఆ లెక్కకు ఎంతవరకు అందాడన్నది వేరే చర్చ. సెలూన్ కుర్రవాడు ఇవాళ నేర్చుకుంటున్నది ఫేడ్ కటింగ్, గడ్డం షేపులు, ట్రిమ్మరు వాడకం. నూరుడు రాయి ముఖం చూడకుండానే ఆరితేరిన పనివాడు కావచ్చు. అతనికి ఆ రాయి తెలియకపోవడం లోపమేమీ కాదు.

అయినా పదును పూర్తిగా షాపు దాటి పోలేదు. సగం బ్లేడు కత్తి పని తీసుకుంది గానీ కత్తెర పనిని ఏ బ్లేడూ తీసుకోలేదు. ఒక మంచి కత్తెర వెంట్రుకను నొక్కకుండా జారకుండా కోయాలంటే రెండు అలుగుల లోపలి వైపు చదును చెడకూడదు, బయటి వాలు మాత్రమే తేలాలి, మేకు బిగువు సరిగ్గా ఉండాలి. మొద్దుబారిన కత్తెర వెంట్రుకను మడిచేస్తుంది, కుర్చీలో ఉన్నవాడికి చురుక్కుమంటుంది. దసరా నాడు అద్దం ముందు కుంకుమ బొట్టు పెట్టుకుని వరుసగా నిలిచే పనిముట్లలో ట్రిమ్మరు, బ్లేడు పిడి, కత్తెర ఉంటాయి. వాటిలో ఏడాదికి కొన్నిసార్లయినా సాన పట్టించుకోవాల్సిన అవసరం ఉన్నది ఆ కత్తెరకే. అది నూరేవాడు సైకిల్ వెనక చక్రానికి సాన కట్టుకుని, కత్తులూ కత్తెర్లూ అని కేకవేస్తూ వస్తాడు. షాపువాడు బేరమాడతాడు, సాన పట్టించుకుంటాడు, ఒక పాత గుడ్డ పీలికను కోసి చూసుకుని డబ్బులిస్తాడు.